కుదరదు గారి కొత్త ఉద్యోగం

ఆయనకు కన్నవాళ్ళు పెట్టిన పేరు ఒకటుంది గానీ, అది జీతం చీటీ మీద తప్ప మరెక్కడా కనిపించేది కాదు. బీమా కంపెనీలో అగ్నిప్రమాదాల విభాగంలో పంతొమ్మిదేళ్ళు పనిచేశాడు. ఇల్లు కాలినవాళ్ళు, కొట్టు కాలినవాళ్ళు, గోదాము కాలినవాళ్ళు పెట్టుకున్న అర్జీలన్నీ ఆయన బల్ల మీదికే వచ్చేవి. ఆయన స్వయంగా వెళ్ళి చూసేవాడు. ఎందుకు కాలిందో కనిపెట్టేవాడు. కనిపెట్టిన ఆ కారణం చేతనే పరిహారం ఇవ్వడం ఎందుకు కుదరదో నాలుగు పేరాల్లో, చదివినవాడికి ఏడుపు వచ్చినా కోపం రానంత మర్యాదగా రాసి పంపేవాడు. అందుకే ఆఫీసంతా ఆయన్ని ‘కుదరదు గారు’ అనేది. మొదట్లో వెనకాల అనేవాళ్ళు. కొన్నాళ్ళకు ఎదురుగానే అన్నారు. చివరికి బ్రాంచి మేనేజరు కూడా ‘కుదరదు గారూ, ఒకసారి ఇలా వస్తారా’ అనడం మొదలుపెట్టాక, ఆయనే ఆ పేరుకు పలకడం అలవాటు చేసుకున్నాడు.

మనిషి చెడ్డవాడేమీ కాదు. నల్లగా మాడిపోయిన గోడను చూసి, మంట ఏ స్విచ్చుబోర్డు వెనకాల పుట్టిందో వేలుపెట్టి చూపించగల నేర్పు ఆయనది. నాలుగు వందల పైచిలుకు కాలిన ఇళ్ళు చూశాడు. తీగెలతో ఆయనకున్న పరిచయమంతా అవి చచ్చిపోయాక ఏర్పడిందే. సన్నటి తీగె మీద మోయలేని బరువు వేస్తే ఎలా కరుగుతుందో, వదులైన స్క్రూ ఎన్నాళ్ళు ఓపికపట్టి ఏ రోజున నిప్పు కక్కుతుందో ఆయనకు కంఠతా వచ్చు. ఇదంతా కాలకముందే ఎవరైనా వచ్చి చెప్పి ఉంటే బాగుండేది కదా అని ఆయనకు అప్పుడప్పుడూ అనిపించేది. కానీ కాలకముందు వెళ్ళడం ఆయన ఉద్యోగంలో భాగం కాదు. కాలిన తరువాత వెళ్ళినందుకే కంపెనీ ఆయనకు నాలుగుసార్లు ఉత్తమ ఉద్యోగి అని షీల్డు ఇచ్చింది.

నాలుగు పేరాలు రాయడానికి ఆయనకు రెండు రోజులు పట్టేది. కంపెనీ కొన్న సాఫ్ట్‌వేరుకు నాలుగు సెకన్లు పట్టింది. పైగా ఆయన పంతొమ్మిదేళ్ళుగా రాసిన ఉత్తరాలన్నీ మేపి దాన్ని పెంచారు. కూతురి చదువు పూర్తయ్యేదాకా, ఇంకో ఆరు నెలలపాటు ఏదో ఒక విభాగంలో సర్దమని ఆయన అర్జీ పెట్టుకున్నాడు. జవాబు ఆ సాయంత్రమే వచ్చింది. ‘మీ విన్నపాన్ని పూర్తి సానుభూతితో పరిశీలించిన మీదట’ అని మొదలై, నాలుగు పేరాల్లో ముగిసింది. రెండో పేరాలో ‘దురదృష్టవశాత్తు’ అన్న మాటకు ఒక ఒత్తు తప్పు పడింది. ఆ తప్పు కూడా తనదేనని ఆయన గుర్తుపట్టాడు. ఐదో షీల్డు చేతిలో పెట్టి, చప్పట్లు కొట్టి, మధ్యాహ్నం భోజనాల వేళకల్లా ఇంటికి పంపించారు.

ఆయన భార్య బడిలో లెక్కల టీచరు. పది రోజులు సోఫాలో కూర్చోనిచ్చింది. పదకొండో రోజున ఇల్లు ఊడుస్తూ, కుర్చీ జరిపినట్టే ఆయన కాళ్ళను కూడా చీపురుతో పక్కకు జరిపింది. సరిగ్గా ఆ రోజే ఆమె తమ్ముడు చప్పుడు లేని కారులో వచ్చి గుమ్మం ముందు దిగాడు.

ఈ బావమరిది ఎప్పుడూ వర్తమానంలో నిలబడి మాట్లాడిన మనిషి కాదు. మంచినీళ్ళ యంత్రాలు అమ్మాడు, పుట్టగొడుగులు పెంచాడు, ఇంటి కప్పుల మీద ఎండతో కరెంటు తీసే అద్దాలు పరిపించాడు. ఏది మొదలుపెట్టినా ‘రాబోయే కాలం’ అంటాడు. ఆ కాలం వచ్చేలోపల వ్యాపారం మార్చేస్తాడు. ఈసారి మాత్రం కారే కొన్నాడు కాబట్టి నమ్మకం గట్టిగానే ఉంది. ఇక ముందు ప్రతి ఇంటికీ కరెంటు కారు వస్తుందనీ, ప్రతి కారుకూ గోడ మీద ఒక ఛార్జరు బిగించాలనీ, బిగించేవాళ్ళే దొరకడం లేదనీ గంటసేపు చెప్పాడు. మూడు నెలల శిక్షణ కాగితం కూడా జేబులో తెచ్చాడు.

“కరెంటు గురించి నీకు తెలిసినంత ఎవరికి తెలుసు బావా? ఇన్నాళ్ళూ వెనకనుంచి చూశావు. ఇప్పుడు ముందునుంచి చూడు. అంతే తేడా” అన్నాడు.

నలభై ఆరేళ్ళ వయసులో ఆ మాట ఆయన మనసుకు హత్తుకుంది. వెళ్ళి చేరాడు.

శిక్షణలో మొదటి నెలంతా ‘మైండ్‌సెట్’. స్క్రూడ్రైవరు ఏ చివర పట్టుకోవాలో తెలియని ఒక చలాకీ మనిషి వచ్చి, ఆయన్ని కుర్చీ ఎక్కించి ‘నేను మారుతున్నాను’ అని మూడుసార్లు గట్టిగా అనిపించాడు. దిగేటప్పుడు కుర్చీ ఒరిగి మడమ బెణికింది. రెండో నెల కస్టమరుతో ఎలా నవ్వాలి, బూట్లు ఎక్కడ విప్పాలి, ఫోటో ఎలా తీయాలి అన్నవి. మూడో నెలలో, సొమ్ము కట్టిన పాపానికి ఏదో ఒకటి నేర్పాలన్నట్టు, ఒక రిటైరైన లైన్‌మన్‌ని తీసుకొచ్చారు. ఆయనకు రెండు చేతులకూ కలిపి ఏడు వేళ్ళే ఉన్నాయి. మాట్లాడ్డం తక్కువ. బోర్డు మీద ఒక గీత గీసి, ఆ గీతను కిందికి లాగి, చివర మూడు అడ్డగీతలు గీశాడు.

“కరెంటుకి ఎప్పుడూ ఒకటే ధ్యాస, ఇంటికి పోవాలని. దాని ఇల్లు భూమి. దారి మనం వెయ్యాలి. వెయ్యకపోతే అదే వేసుకుంటుంది, మనలోంచి” అన్నాడు మేష్టారు, పూర్తిగా లేని చేత్తో సుద్దముక్క దులుపుకుంటూ.

క్లాసులో కుర్రవాళ్ళు ఫోన్లు చూసుకుంటున్నారు. కుదరదు గారికి మాత్రం నాలుగు వందల ఇళ్ళు వరసకట్టి కళ్ళముందు నిలబడ్డాయి. ఆ నెలంతా ఆయన మేష్టారిని వదిలితే ఒట్టు. తీగె మందం చూడడం, మీటరు పెట్టి భూమితో సంబంధం ఎంత గట్టిగా ఉందో కొలవడం, గొయ్యి తవ్వి గొట్టం పాతి బొగ్గూ ఉప్పూ పొరలు పొరలుగా వేయడం, అన్నీ పట్టుబట్టి నేర్చుకున్నాడు.

ఛార్జర్లు బిగించే ఒక కంపెనీలో ఉద్యోగం దొరికింది. ముదురాకుపచ్చ చొక్కా, టోపీ, డ్రిల్లు, ఫోనులో ఒక యాప్ ఇచ్చారు. కస్టమరు ఇంటికి వెళ్ళగానే యాప్ ‘ఇల్లు సిద్ధంగా ఉందా’ అని అడుగుతుంది. కింద రెండే బొత్తాలు. ఒకటి ‘అవును’. రెండోది ‘త్వరలో అవును’. కుదరదు గారు మొదటి రోజు వీధిలో నిలబడి చాలాసేపు మూడో బొత్తాం కోసం వెతికాడు.

మొదటి ఇల్లు ఒక పళ్ళ డాక్టరుది. మెయిన్ బోర్డు చెప్పుల అలమరలో ఉంది. అక్కణ్ణుంచి కారు నిలబెట్టే చోటికి వచ్చిన తీగె ఫ్యానుకు వేసే తీగె. కారును ఛార్జింగుకు పెట్టడమంటే మూడు గీజర్లు ఆగకుండా ఏడు గంటలు వెలిగించినట్టని, ఈ తీగె అంత బరువు మోయలేదని కుదరదు గారు నెమ్మదిగా వివరించాడు. డాక్టరు ఒప్పుకోలేదు.

“ముప్ఫయ్యేళ్ళుగా ఉంటున్నామండీ ఈ ఇంట్లో. ఏనాడూ కాలలేదు.”

“నేను నాలుగు వందల ఇళ్ళు చూశానండీ. ఏదీ అంతకుముందు కాలలేదు.”

డాక్టరు గారి భార్య కాఫీ కప్పు తెస్తూ ఆ మాట విని, కప్పు పట్టుకుని అలాగే లోపలికి వెళ్ళిపోయింది.

అలా మొదటి నెలలో తొమ్మిది ఇళ్ళకు వెళ్ళాడు. ఒక ఇంట్లో తీగె సన్నం. ఒకచోట బోర్డు పక్కనే గ్యాసు సిలిండరు. ఒకచోట మూడంతస్తులకూ కలిపి ఒకే స్విచ్చు, అది కూడా అగ్గిపుల్ల అడ్డం పెడితేగానీ నిలబడదు. తొమ్మిది చోట్లా కుదరదన్నాడు. ప్రతి ఇంట్లోనూ ఏం సరిచేయించుకోవాలో కాగితం మీద రాసిచ్చాడు. కస్టమర్లు నక్షత్రాలు ఇచ్చారు, తలా ఒకటి. ఒకావిడ కింద వాక్యం కూడా రాసింది: ‘మనిషి మర్యాదస్తుడే. కానీ వచ్చి వెళ్ళినప్పటినుంచీ మా ఆయనకు నిద్ర పట్టడం లేదు.’

కంపెనీలో ఆయన పై అధికారి ముప్ఫయ్యేళ్ళ అమ్మాయి. గాజు గది, గోడ నిండా అంకెలు. అందరూ ‘టార్గెట్ మేడం’ అంటారు. ఆమె ఆయన్ని పిలిచి చాలా గౌరవంగా కూర్చోబెట్టింది. తమ కంపెనీలో కుదరదన్న మాటే లేదని చెప్పింది. పంతొమ్మిదేళ్ళుగా తన పేరే అదని ఆయన చెప్పుకోలేకపోయాడు.

“మీరు చెప్పేది నిజం కాదని నేననను సార్. కానీ నిజం చెప్పడానికి మన దగ్గర ప్యాకేజీ లేదు కదా” అంది ఆమె. తరువాత ఒక మెమో ఇచ్చింది.

ఇంటికి వెళ్ళి ఆ మెమోను షీల్డుల పక్కన పెట్టాడు. కాలిన తరువాత కుదరదంటే షీల్డు. కాలకముందు అంటే మెమో. మాట ఒకటే, అన్న మనిషీ ఒకడే. ఎక్కడ తేడా వచ్చిందో లెక్కల టీచరు కూడా చెప్పలేకపోయింది.

ఇంతలో బావమరిది కొత్త ఇంట్లోకి మారాడు. ‘ఫ్యూచర్ రెడీ’ అని బిల్డరు అమ్మిన ఇల్లది. వాకిలంతా విదేశీ పాలరాయి. గుమ్మానికి ఒక పక్కన నడుమెత్తు సిమెంటు కుండీలో ఎర్ర గులాబీ. తల్లిని కూడా తెచ్చి తన దగ్గరే పెట్టుకున్నాడు. ఛార్జరు బిగించడానికి బావే రావాలని, స్నేహితులందరికీ చెప్పుకున్నానని కంపెనీకి ఫోను చేసి మరీ పిలిపించాడు. ఒక పదిమంది వచ్చి చూస్తామని కూడా అన్నారట.

కుదరదు గారు వెళ్ళి మొదట తీగె చూశాడు. మందంగా, కొత్తగా, ముద్దొచ్చేలా ఉంది. మొట్టమొదటిసారి ఆయన గుండె తేలికపడింది. ఇక మిగిలింది ఎర్తింగు. బోర్డు నుంచి బయలుదేరిన ఆకుపచ్చ తీగెను వేలితో తడుముకుంటూ గోడ వెంట నడిచాడు. తీగె హాలు దాటింది, కిటికీ కిందనుంచి బయటికి వచ్చింది, వాకిలి అంచున పాకింది, గుమ్మం పక్కన పైకి లేచింది, గులాబీ కుండీలోకి దూరింది. ఆయన మట్టి కొంచెం తప్పించి చూశాడు. మూరెడు ఇనప కడ్డీ, దాని మెడకు చుట్టిన తీగె. అంతే. పాలరాయి పరిచాక గొయ్యి తవ్వడం మరిచిపోయామని గుర్తొచ్చి, బిల్డరు మనుషులు చేసిన ఉపాయం అది.

“ఇది ఎర్తింగు కాదురా” అన్నాడు.

“ఎందుక్కాదు? కడ్డీ ఉంది, తీగె ఉంది.”

“భూమి లేదు.”

“మరి కుండీలో ఉన్నదేంటి బావా? మట్టే కదా. భూమన్నా మట్టే.”

కుదరదు గారు రాళ్ళు నాలుగు పీకి గొయ్యి తవ్వితే తప్ప బిగించనన్నాడు. ఆ పాలరాయి ఏ దేశంనుంచి ఓడెక్కి వచ్చిందో బావమరిది వివరించాడు. మాటా మాటా పెరిగింది. ఈ ఉద్యోగంలో చేర్పించింది తానేనని బావమరిది గుర్తుచేశాడు. అక్క పెళ్ళినాడు మగపెళ్ళివారు తనకు కుర్చీ వెయ్యలేదన్న సంగతి కూడా మధ్యలో వచ్చింది. కుదరదు గారు డ్రిల్లు సంచీలో పెట్టుకుని వచ్చేశాడు. ఇంటి దగ్గర భార్య రెండు వైపులా విని, “వాడు నా తమ్ముడు, మీరు నా మొగుడు. ఎర్తింగు లేనిది ఎవరికో మీరిద్దరూ తేల్చుకుని చెప్పండి” అని పరీక్ష పేపర్లు దిద్దుకోవడానికి వెళ్ళిపోయింది.

మర్నాడే కంపెనీ వేరే మనిషిని పంపింది. అతనికి ఒక్క నక్షత్రం కూడా తగ్గని రికార్డు కాబట్టి అందరూ ‘ఫైవ్ స్టార్’ అంటారు. ఫైవ్ స్టార్ నలభై నిమిషాల్లో ఛార్జరు బిగించాడు. భూమితో సంబంధం లేదని ఛార్జరు పెట్టె తనకు తానే కనిపెట్టి ఎర్ర లైటు వెలిగించింది. అతను పెట్టె సెట్టింగుల్లోకి వెళ్ళి ఆ పరీక్షనే తీసేశాడు. పచ్చ లైటు వెలిగింది. పదిమంది చప్పట్లు కొట్టారు.

ఆ రోజునుంచి బావమరిది ప్రతి ఉదయం ఛార్జింగ్ అవుతున్న కారు ఫోటో తీసి బంధువుల గ్రూపులో పెట్టడం మొదలుపెట్టాడు. కింద ‘నేడు కూడా కాలలేదు’ అని రాసేవాడు. అందరూ నవ్వు బొమ్మలు పెట్టేవాళ్ళు. పెద్దమామగారైతే ఏకంగా రెండు. కుదరదు గారికి కంపెనీ కొత్త ఇళ్ళు ఇవ్వడం ఆపేసింది. ఇరవై రోజులు అలా గడిచాక ఆయనకు తన మీద తనకే అనుమానం పట్టుకుంది. కారు నిక్షేపంగా నడుస్తోంది. ఇల్లు నిక్షేపంగా నిలబడే ఉంది. బహుశా కుదరదనడం తనకు ఒక రుచిగా మారిందేమో, వక్కపొడి నమిలేవాడికి వక్కపొడిలా, అది లేకపోతే నోరు ఊరుకోదేమో అనుకున్నాడు. ఎదుటివాడి ముఖం వాడిపోవడం చూడ్డం తనకు ఎప్పుడో అలవాటైపోయి, ఆ అలవాటుకే భద్రత అని పేరు పెట్టుకున్నాడేమో. ఈ సంగతి ఆయన ఎవరితోనూ అనలేదు. అద్దం ముందు గడ్డం గీసుకుంటూ తనలో తాను అనుకున్నాడు, అంతే.

ఇరవై రెండో రోజు, ఆదివారం పొద్దున, అత్తగారు ఫోను చేసింది. ఆవిడ అల్లుడికి నేరుగా ఫోను చేయడం అరుదు.

“బాబూ, మీరొకసారి రావాలి. మా ఇంట్లో గులాబీ మొక్క కరుస్తోంది” అంది.

ఆయన కుర్చీలోంచి లేచి నిలబడి, ఎప్పుడెప్పుడు కరుస్తోందని అడిగాడు. అప్పటిదాకా ఆవిడను ఆ ప్రశ్న అడిగినవాళ్ళు లేరు. కొడుకుకు చెబితే గులాబీకి ముళ్ళుంటాయన్నాడు. కోడలికి చెబితే తోటపని తొడుగులు తెప్పిస్తానంది. మళ్ళీ మళ్ళీ చెబితే కంగారుపడి నరాల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళారు. ఆయన వయసు అడిగి, డెబ్బై రెండు అని వినగానే ఇంకేమీ అడక్కుండా విటమిన్ బిళ్ళలు రాశాడు.

“ముల్లయితే ఒక్కచోట గుచ్చుతుంది బాబూ. ఇది మోచేతిదాకా పాకుతుంది. నేల తడిగా ఉంటే ఎక్కువ, చెప్పులేసుకుంటే లేదు. ఇంకో సంగతి, కారు మేత మేస్తున్నప్పుడే కరుస్తుంది. తీసేశాక పసిపిల్లలా ఊరుకుంటుంది. పన్నెండు రోజులు చూసి చెబుతున్నాను.”

పదిహేను నిమిషాల్లో కుదరదు గారు అక్కడున్నాడు. భార్య కూడా పరీక్ష పేపర్లు వదిలేసి వెంట వచ్చింది. కారు ఛార్జింగులో ఉంది. ఎవరినీ కుండీ దగ్గరికి రావద్దని చెప్పి, మీటరు తీగె ఒకటి కుండీ మట్టిలో గుచ్చి, రెండోది వాకిలి అవతల వీధి నేలలో గుచ్చాడు. అంకె తొంభై ఆరు వోల్టుల దగ్గర నిలబడింది. ఛార్జింగ్ అవుతున్న కారులోంచి రోజూ కాస్త కాస్త కారే కరెంటు భూమిలోకి పోయే దారి లేక కుండీలో చేరి కూర్చుంటోందని, తడి నేల మీద ఒట్టి కాళ్ళతో ఎవరు ముట్టుకుంటే వాళ్ళలోంచి దిగుతోందని చెప్పాడు. ఇప్పటికి చురుక్కుమంటోంది కాబట్టి సరిపోయింది. కారులోనో పెట్టెలోనో ఏ చిన్న లోపం వచ్చినా, కుండీని ముట్టుకున్న మనిషి లేవడన్నాడు.

బావమరిది మీటరును అటూ ఇటూ తిప్పి చూశాడు. చవకరకం మీటర్లు అలాగే చూపిస్తాయన్నాడు.

“సరే, మీటరు వద్దు. అమ్మలాగే చెప్పులు విప్పి, నేల తడిపి, నువ్వు ఒక్కసారి ముట్టుకో” అంది అతని అక్క.

బావమరిది గులాబీ వైపు చూశాడు. అందరూ అతని వైపు చూశారు. అతను ఒక అడుగు వెనక్కి వేశాడు.

“నేనెందుకే? అమ్మకైతే అలవాటైంది” అన్నాడు.

అన్నాక గానీ ఆ మాట ఎలా వినపడిందో అతనికి తెలియలేదు. కుదరదు గారు వెళ్ళి ఛార్జరు స్విచ్చు కట్టేశాడు. అత్తగారు కొడుకును కాసేపు చూసి, చెంగుతో చేతులు తుడుచుకుంది.

“ఇల్లు ఎవరి పేరున ఉందిరా?” అంది.

ఆడవాళ్ళ పేరు మీదైతే రిజిస్ట్రేషను ఖర్చులో కొంత తగ్గుతుందని అతనే తల్లి పేరున రాయించాడు. ఆ సంగతి ఆ రోజుదాకా అతనికి లాభంగానే కనిపించింది.

“నా పేరున ఉంది. బాబూ, తవ్వండి” అంది ఆవిడ.

నాలుగు రాళ్ళు లేచాయి. ఒక్కొక్క రాయి లేచినప్పుడల్లా బావమరిది తన పన్ను పీకుతున్నట్టు మూలిగాడు. తరువాత లోపలికి వెళ్ళి, అనుమతి లేకుండా రాళ్ళు పగలగొట్టారని కంపెనీకి ఫిర్యాదు పెట్టాడు. కుదరదు గారు చొక్కా మడిచి గునపం పట్టాడు. పంతొమ్మిదేళ్ళు కలం పట్టిన చేతులు అరగంటలో బొబ్బలెక్కాయి. గొయ్యి దిగేకొద్దీ బిల్డరు గుట్టు బయటపడింది: విరిగిన టైల్సు, గట్టిపడ్డ సిమెంటు బస్తా, ఎవరిదో ఒంటికాలి చెప్పు. అంతా చెత్తతో పూడ్చి పైన పాలరాయి పరిచారు. అసలు మట్టి తగిలేసరికి రెండో రోజు మధ్యాహ్నమైంది. అప్పటికి ఆయన గుంటలో ఛాతీదాకా ఉన్నాడు.

ఆ రెండు రోజులూ అత్తగారు కుర్చీ వేసుకుని గట్టున కూర్చుంది. కబుర్ల మధ్య, పాత ఉద్యోగంలో ఏం చేసేవారని అడిగింది. ఇరవై రెండేళ్ళలో ఆయన్ని ఆవిడ ఆ మాట ఎప్పుడూ అడగలేదు. ఆయన చెప్పాడు. ఇల్లు కాలినవాళ్ళు మీ దగ్గరికి వచ్చేవారా అంది.

“వచ్చేవారండీ. ఒకామె బట్టల కొట్టు కాలిపోతే పదకొండుసార్లు వచ్చింది. స్విచ్చుబోర్డులో తప్పు ఉంది. ఆ తప్పు ఉన్నట్టు ఆమెకు తెలియదు. మాకు తెలుసు.”

“పదకొండోసారి ఏం చెప్పారు?”

“మొదటిసారి చెప్పిందే చెప్పానండీ.”

ఆవిడ ఓదార్చలేదు, తప్పు పట్టలేదు. “ఇంకో మూరెడు తవ్వండి” అంది.

గొట్టం పాతాడు. బొగ్గు, ఉప్పు పొరలు వేసి నీళ్ళు పోశాడు. ఆకుపచ్చ తీగెను కుండీలోంచి విడిపించి గొట్టానికి బిగించాడు. పెట్టెలో తీసేసిన పరీక్షను మళ్ళీ పెట్టాడు. ఈసారి పచ్చ లైటు దానంతట అదే వెలిగింది. కారు ఛార్జింగ్ అవుతుండగా మీటరు పెట్టి చూశాడు, మళ్ళీ చూశాడు. ఏమీ లేదని తేలాక అత్తగారు చెప్పులు విప్పి, తడి నేల మీద నిలబడి, గులాబీకి నీళ్ళు పోసి, మొదలు పట్టుకుని చూసింది. అల్లుడి వైపు తిరిగి తలూపింది. ఛార్జరు కాగితాల మీద మాత్రం ఫైవ్ స్టార్ సంతకమే ఉండిపోయింది.

బావమరిది ఫిర్యాదు చేరగానే, కంపెనీనుంచి ఒక అమ్మాయి ఇంటి యజమానికి ఫోను చేసి ‘మీ అనుభవం ఎలా ఉంది’ అని అడిగింది. యజమాని అత్తగారే కదా. ఆవిడ నలభై నిమిషాలు చెప్పింది. ఆ రికార్డు టార్గెట్ మేడం విన్నది. మరుసటి వారం కుదరదు గారిని గాజు గదికి పిలిచి కొత్త చొక్కా ఇచ్చింది. చొక్కా మీద బంగారు రంగు దారంతో ‘ప్లాటినం భూ పరీక్ష నిపుణుడు’ అని కుట్టి ఉంది. ఇకనుంచి ప్రత్యేకంగా ఎక్కువ చెల్లించిన కస్టమర్ల ఇళ్ళకే ఆయన వెళతాడు. వెళ్ళి ధైర్యంగా కుదరదనొచ్చు. అనాలి కూడా.

ఆ ప్యాకేజీ వేడి పకోడీలా అమ్ముడుపోయింది. ఏ లోపం లేకపోతే కస్టమర్లు చిన్నబుచ్చుకునేవాళ్ళు. పళ్ళ డాక్టరు గారు కూడా మళ్ళీ పిలిపించుకున్నారు. అదే చెప్పుల అలమర, అదే తీగె, అదే మాట. ఈసారి డాక్టరు భార్య కాఫీ ఇచ్చింది. ఒకాయన కుదరదన్న పత్రాన్ని చట్రం కట్టించి హాల్లో పెట్టుకున్నాడు. పక్కింటివాళ్ళకు మామూలు మనిషి వచ్చి కుదురుతుందన్నాడని, తమకు ప్లాటినం మనిషి వచ్చి కుదరదన్నాడని వచ్చినవాళ్ళకల్లా చూపించేవాడు. కుదరదు గారికి నక్షత్రాలు కుప్పలుగా పడ్డాయి. బావమరిది తన వాకిట్లో గొయ్యి దగ్గర ఫోటో తీయించుకుని, ఈ ఆలోచన అసలు తనదేనని బంధువుల గ్రూపులో రాశాడు.

రెండు నెలల తరువాత కుదరదు గారు డాక్టరు గారి వీధిలోంచి వెళుతూ ఆగాడు. గోడ మీద ఛార్జరు బిగించి ఉంది. తీగె మాత్రం అదే. ఆఫీసుకు వెళ్ళి అడిగితే టార్గెట్ మేడం దాచలేదు. ఆయన కుదరదన్న మర్నాడు ఫైవ్ స్టార్‌ను పంపడం కూడా ప్యాకేజీలో భాగమేనంది.

“జాగ్రత్త కావాలన్నారు, మిమ్మల్ని పంపాం. ఛార్జరు కావాలన్నారు, అతన్ని పంపాం. కస్టమరు రెండూ కొనుక్కున్నాడు సార్. ఇందులో మనం ఎవరిని మోసం చేశాం?”

ఆయన బంగారు దారం చొక్కా విప్పి, మడతపెట్టి, బల్ల మీద పెట్టాడు. లోపల బనీను వేసుకోవడం మంచిదైంది. ఆ సాయంత్రం డాక్టరు గారి ఇంటికి వెళ్ళి, తీగె వేడెక్కడాన్ని ఆయన అరచేత్తోనే ముట్టి చూడమన్నాడు. డాక్టరు ముట్టి, చెయ్యి చటుక్కున తీసుకుని, స్విచ్చు కట్టేశాడు. ప్లాటినం చిట్టాలో మిగిలిన ఇళ్ళన్నిటికీ కుదరదు గారు అలాగే తిరిగాడు. కొందరు విన్నారు. కొందరు గేటు తీయలేదు.

ఇప్పుడు ఆయన సొంతంగా పనిచేస్తున్నాడు. ఒక స్కూటరు, ఒక డ్రిల్లు, ఒక మీటరు. మొదటి పిలుపు కూరగాయల టోకు వ్యాపారం చేసే ఒకావిడనుంచి వచ్చింది. ఆవిడకు సరుకు మోసే కరెంటు బండి ఒకటుంది. రెండు గదుల రేకుల ఇల్లు, ముందు ఉల్లిపాయల బస్తాలు. ఆయన బోర్డు విప్పాడు. తీగె మందంగా ఉంది. స్క్రూలు బిగువుగా ఉన్నాయి. ఆకుపచ్చ తీగె గోడ దిగి, పెరట్లోకి వెళ్ళి, నిజంగానే భూమిలోకి దిగింది. మీటరు పెట్టాడు. బాగుంది. నమ్మలేక మళ్ళీ పెట్టాడు. మళ్ళీ బాగుంది. గంటన్నరపాటు ఇంటి చుట్టూ తిరిగి, బస్తాలు జరిపి, రేకులెత్తి తప్పు కోసం వెతికాడు. ఇల్లు కట్టినప్పుడు కరెంటు పని చేసింది తన అన్నేనని, అతను పని తెలిసినవాడని ఆవిడ రెండుసార్లు చెప్పింది. చివరికి విసుక్కుంది.

“పెడతారా, ఇంకెవరినైనా పిలవమంటారా?”

ఆయన కాగితం తీశాడు. అడుగున సంతకం పెట్టాల్సిన గీత ఉంది. ఆయన జీవితంలో పెట్టిన సంతకాలన్నీ ఎవరికో ఏదో ఇవ్వక్కర్లేదని పెట్టినవే. ఇప్పుడు ఈ గోడకు రేపేదైనా అయితే జవాబు చెప్పేది తనే. కలం పట్టుకుని బస్తా మీద కాసేపు కూర్చున్నాడు. తరువాత పెట్టాడు.

పెట్టె బిగించాక ఆవిడ దూరంగా నిలబడి చూసి, ఎడమకు ఒరిగిందంది. నిజమే, ఒరిగింది. విప్పి, మట్టం పెట్టి, మళ్ళీ బిగించాడు. నాలుగింటికి బండిని తగిలించారు. ఆవిడ ఉల్లిపాయలు ఏరుకోవడానికి లోపలికి వెళ్ళిపోయింది. ఆయన మాత్రం గడప మీద కూర్చుని, పావుగంటకోసారి తీగె మీద అరచెయ్యి ఆనించి చూస్తూ, బండి నిండేదాకా అక్కడే ఉన్నాడు.